మొదటి సబ్‌మెరైన్ మోడల్‌కు బ్యాలస్ట్ ట్యాంకు కావాలా, వద్దా?

కడప_నాన్న:
మా పాప తొమ్మిదో తరగతి. పోయిన సెలవుల్లో వైజాగ్ బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్ లోపల తిరిగి వచ్చింది. అప్పటి నుంచి నిజంగా మునిగి తేలే మోడల్ చేద్దామని ఒకటే పట్టు. 75 ఎంఎం పీవీసీ పైపు అర మీటరు ముక్క తీసుకుందామనుకున్నాం. లోపల పెద్ద సిరంజి పెట్టి, అది నీళ్లు పీలిస్తే మునిగేలా చేయడం ఒక పద్ధతి అంటున్నారు, బరువు పెంచే నీళ్లు పట్టే ఆ సిరంజే బ్యాలస్ట్ ట్యాంకన్నమాట. ట్యాంకేమీ లేకుండా కాస్త తేలేలాగే ఉంచి, మోటారు వేగంతో, పక్క రెక్కల వాలుతో కిందికి దించడం ఇంకో పద్ధతట. మొదటిసారి చేసేవాళ్లకు ఏది మేలు?

సుంకేసుల_గట్టు:
రెండోదే. ముందు బరువు లెక్క చూడండి సార్. మీ పైపు సుమారు 2.2 లీటర్ల నీళ్లను పక్కకు తోస్తుంది. బోటు మొత్తం 2.2 కిలోలు తూగితే గానీ మునిగే అంచుకు రాదు. మోటారు, బ్యాటరీ పోను మిగతాదంతా సీసమే. టైర్ల షాపులో చక్రాలకు అంటించే బ్యాలెన్సింగ్ ముక్కలు తెచ్చి పైపు అడుగున వరసగా పరచండి. బరువు కింద ఉంటేనే దొర్లదు. మొత్తం మీద 40 గ్రాములు మాత్రం తక్కువ ఉంచండి. మోటారు ఆగినా, బ్యాటరీ అయిపోయినా దానంతటదే పైకొస్తుంది.

అనంత_సర్వో:
దాన్ని సబ్‌మెరైన్ అనరన్నా. ఆగితే తేలిపోయేది మునిగినట్టు ఎట్లవుతుంది? పాప చూసొచ్చిన కుర్సురనే తీసుకోండి. నీటిపైన ఉన్నప్పుడు సుమారు 1,950 టన్నులు, మునిగాక సుమారు 2,475 టన్నులు. ఆ తేడా అంతా ట్యాంకుల్లోకి ఎక్కిన నీళ్లే. ఆ సంగతి పాపకు చేతికి తెలియాలి. 60 మి.లీ. సిరంజి, ఒక గేర్ మోటారు, ఒక మరల కడ్డీ ఉంటే చాలు.

సుంకేసుల_గట్టు:
కుర్సుర మునిగాక ఉండే బరువులో సుమారు ఐదో వంతు ఎక్కించుకున్న నీళ్లే. మీ సిరంజి పీల్చేది 60 గ్రాములు, అంటే ఈ బోటులో మూడు శాతం కూడా కాదు. సీసం పెట్టేటప్పుడు 60 గ్రాములు అటూ ఇటూ అయితే మీ సిరంజి ఉన్నా లేనట్టే. పోలిక పెడితే సరిగ్గా పెట్టండి.

అనంత_సర్వో:
మూడు శాతమైనా అది ట్యాంకే కదా. నేనడిగింది సూత్రం, మీరు శాతం దగ్గరే కూర్చున్నారు.

పాత_రేడియో:
ట్యాంకు సంగతి తర్వాత. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ మాత్రం కొనొద్దు, జానెడు లోతు దాటితే సిగ్నల్ ఉండదు. పాత బొమ్మ కార్లలో వచ్చే 27 లేదా 40 మెగాహెర్ట్జ్ తీసుకోండి. ఉప్పు బోరు నీళ్లలో అది కూడా తగ్గుతుంది. మా అనంతపురం బోరు తొట్టిలో అందని సిగ్నల్ వాన నీళ్ల కుంటలో బాగానే అందింది.

గ్రీజు_డబ్బా:
సిరంజి పిస్టన్ రబ్బరుకు వాజిలిన్ రాయకండి, ఉబ్బి పట్టేస్తుంది. సిలికాన్ గ్రీజు రాయండి.

అనంత_సర్వో:
ఇంకో మాట. గట్టు అన్నది 40 గ్రాముల తేలుడు. మోటారు షాఫ్ట్ సందులోంచి 40 మి.లీ. నీళ్లు లోపలికి కారితే అది కూడా మునుగుతుంది. అర టీ గ్లాసు నీళ్లు కూడా కాదు. మరి ట్యాంకు లేకపోతే భద్రం అని ఎట్లంటారు? సిరంజి ఉంటే సిగ్నల్ పోగానే నీళ్లు బయటికి తోసేలా సర్క్యూట్ పెట్టుకోవచ్చు.

సుంకేసుల_గట్టు:
ఆ సర్క్యూట్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాటరీ చచ్చాక సిరంజి నిండుగా ఉంటే అడుక్కే. మీరు టేబుల్ మీద చేసి మాట్లాడుతున్నారు, నీళ్లలో పోగొట్టుకున్నట్టు లేరు.

అనంత_సర్వో:
పోగొట్టుకున్నా, ఇంకో రకంగా. పదో తరగతిలో సైన్స్ ఎగ్జిబిషన్‌కు మీరు చెప్పే రకమే చేసుకుపోయా. పెట్టింది చిన్న టబ్బు. పరుగెత్తే జాగా లేదు, మునగలేదు. "ఇది తేలే పైపు" అని అందరి ముందు పక్కన పెట్టేశారు. మూడు నెలల కష్టం. పిల్లలకు ముందే చేతకాదని చెప్పి తేలిక రకం అంటగట్టేవాళ్లంటే నాకు అందుకే మంట. భయపెట్టడం మానండి.

పాత_రేడియో:
ఇద్దరూ కాస్త తగ్గండప్పా.

సుంకేసుల_గట్టు:
భయపెడుతున్నాననే అనుకోండి. చెప్తా వినండి. రెండేళ్ల కింద నేనూ సిరంజి రకమే చేశా. ఇంట్లో సంపులో పది రోజులు బ్రహ్మాండంగా ఆడింది. కేసీ కాలువకు తీసుకుపోయా. మునిగింది, మళ్లీ రాలేదు. నేను రిమోట్ నొక్కుతూనే ఉన్నా, పక్కనున్న మా అక్క కొడుకు చెప్పులిప్పి దూకేశాడు. వాడికి పన్నెండేళ్లు, ఈత వచ్చు. కానీ ఆ రోజు నీళ్లు నిండా వదిలారు. అవతల బర్రెలు కడుగుతున్న ఇద్దరు పట్టుకోకపోతే వాడు దక్కేవాడు కాదు. ఆ రోజు వాడి చొక్కా పట్టుకుని గట్టు మీద కూర్చున్నా, వణుకు తగ్గలేదు. పోయింది బోటే, మళ్లీ చేసుకోవచ్చు. కానీ తాము చేసిన వస్తువు కళ్లముందు మునిగిపోతుంటే పిల్లలు ఆగరు. నేను ట్యాంకు వద్దన్నది అందుకే, పిల్లలకు చేతకాదని కాదు.

అనంత_సర్వో:
ఈ మాట మొదటే చెప్పుండాల్సిందన్నా. పిల్లోడు బాగున్నాడు కదా?

అయినా తప్పు ట్యాంకుది కాదు, కాలువది. పారే నీళ్లలో మీ రకం బోటు తేలినా కొట్టుకుపోతుంది, దాని వెనకా పిల్లలు పరుగెత్తుతారు. నిలిచిన నీళ్లు, అడుగు కనబడే తొట్టి, బోటుకు గాలం దారం. ఇవి ఉంటే సిరంజి పెట్టడానికి అడ్డేముంది?

సుంకేసుల_గట్టు:
బాగున్నాడు. ఇప్పుడు నీళ్ల దగ్గరికి మాత్రం రాడు.

దారం సంగతి ఒప్పుకుంటా. ట్యాంకు మాత్రం రెండో బోటుకే అంటా.

కడప_నాన్న:
ఇద్దరికీ దండాలు. మా మామ వాళ్ల తోటలో సిమెంటు తొట్టి ఉంది, మూడడుగుల లోతు, పదిహేనడుగుల పొడవు. బుగ్గవంక వైపు పోయేది లేదు. ముందు ట్యాంకు లేకుండా నడిపి, అదే పైపులో సిరంజికి జాగా వదులుతాం. పాప అడుగుతోంది, దారం ముక్కుకు కట్టాలా, తోకకా?

సుంకేసుల_గట్టు:
తోక వద్దమ్మా, ఫ్యానుకు చుట్టుకుంటుంది. పైన నడుమ నిలబడే గూడు ఉంటుంది చూడు, దాని వెనక చిన్న కొక్కెం పెట్టి అక్కడ కట్టు. దారానికి రెండడుగులకొక థర్మోకోల్ గోళీ గుచ్చితే పైనే తేలుతుంటుంది.

అనంత_సర్వో:
కొక్కెం పైపుకు రంధ్రం చేసి పెట్టొద్దు పాపా, నీళ్లు కారేది అక్కడి నుంచే. క్లాంపు బిగించు.