వరూధిని వీణ పద్యం: "జిలిబిలిపాట"లో జిలిబిలి మెచ్చుకోలా?

కొర్లగుంట, తిరుపతి
అందరికీ నమస్కారం. "తంత్రీస్వనంబుతో జిలిబిలిపాట ముద్దులు నటింప" అన్న పాదం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. మనుచరిత్రలో వరూధిని వీణ వాయించే సీసమని తెలుసు. దీని ముందున్నది "తరుణాంగుళీజాత"నా, "తరుణాంగుళీధూత"నా? ఒకసారి అదీ ఒకసారి ఇదీ నోటికి వస్తోంది.

నా అసలు సందేహం మాత్రం జిలిబిలి మీద. నేను పెళ్లిళ్లలో, చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాకు గిటార్ వాయిస్తాను. వాల్వ్ ఆంప్ మోయడం కష్టమై ఈమధ్య డిజిటల్ ఆంప్ మోడలర్ (ఆంప్ ధ్వనిని అనుకరించే పెట్టె) తీసుకున్నాను. హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంటుంది. పందిట్లో పెద్ద స్పీకర్లకు కలిపితే మాత్రం ప్రతి స్వరం చుట్టూ సన్నగా, చీదరగా ఒక రొద. గిటార్ వాళ్లు దాన్ని ఫిజ్ అంటారు. తెలుగులో ఏమనాలా అని ఆలోచిస్తుంటే జిలిబిలి తట్టింది. పెద్దన ఆ మాటను మెచ్చుకోలుగా వాడాడా, లేక స్పష్టం కాని సన్నటి ధ్వని అన్న అర్థంలోనా?

గిరింపేట, చిత్తూరు
ధూతే నాయనా, అనుమానం వద్దు. నా దగ్గరున్న ప్రతిలోనూ అదే. "జాత" అంటే వేళ్ల వల్ల పుట్టిన ధ్వని. వీణ ధ్వని వేళ్ల వల్ల కాక ఇంకెక్కడ పుడుతుంది? పెద్దన అంత చప్పని మాటకు చోటివ్వడు. ధూత అంటే కదిలించిన, వణికించిన. అవధూతలో ఉన్న ధూతే ఇది. లేత వేళ్లు తీగను ఊపుతుంటే వచ్చిన స్వనం. అందులో గమకం వినిపిస్తుంది.

తిలక్ రోడ్డు
మేడం, మీరు చెప్పిన అర్థం బాగుంది. కానీ ఛందస్సు దీన్ని తేల్చదని గుర్తుపెట్టుకోవాలి. "ళీధూత" తగణం (గురువు, గురువు, లఘువు), "ళీజాత" కూడా తగణమే. యతి "త"కూ "తం"కూ మధ్య, దానికీ ఈ అక్షరంతో పని లేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు "జాత" అనే చదివేవారు. నోటి పాఠాన్ని అంత తేలిగ్గా తోసెయ్యకూడదు.

గిరింపేట, చిత్తూరు
ఛందస్సు తేల్చదు సరే, కవి తేలుస్తాడు కదా సార్. ఆ పద్యం అంతా కదలికే. రంగు పీటమీద జాజువారుతుంది, ముద్దులు నటిస్తాయి, కన్నులు అరమోడుస్తాయి, కడియాలు మోగుతాయి. అంత చలనం మధ్య తీగ ఒక్కటే కదలకుండా ఉంటుందా?

పీలేరు
నేను సౌండ్ పని చేస్తాను, పద్యం సంగతి పెద్దలు చూసుకోండి. కొర్లగుంట తమ్ముడికి ముందు టోన్ సంగతి చెప్తా. ఆ రొద మోడలర్ లోపం అయ్యుండదు. గిటార్ ఆంప్‌లో వాడే పన్నెండు అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. పందిట్లో పెట్టే పీఏ స్పీకర్‌లో ట్వీటర్ (పై శ్రుతులు పలికే చిన్న స్పీకర్) ఉంటుంది, అది 15 దాకా నిక్కచ్చిగా వినిపిస్తుంది. డిస్టార్షన్ వేసిన గిటార్ సిగ్నల్ నేరుగా దాంట్లోకి వెళ్తే పైనున్న చెత్తంతా బయటపడుతుంది. ముందు ప్యాచ్‌లో (నువ్వు దాచుకున్న సెట్టింగుల కూర్పులో) క్యాబినెట్, అంటే క్యాబ్, స్పీకర్ పెట్టె నకలు, ఆన్‌లో ఉందో లేదో చూడు. ఒక్కోసారి అవుట్‌పుట్ సెట్టింగ్ "గిటార్ ఆంప్‌కు" అని ఉండిపోతుంది, అప్పుడు పీఏకి వెళ్లే దాంట్లో క్యాబ్ ఉండదు. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది: క్యాబ్ ఆన్‌లో పెట్టి నిజమైన గిటార్ ఆంప్‌లోకి పంపితే రెండు క్యాబ్‌లు పడి, దుప్పటి కప్పినట్టు మూగబోతుంది.

కొర్లగుంట, తిరుపతి
క్యాబ్ ఆన్‌లోనే ఉందన్నా. అయినా ఉంది ఆ రొద.

పీలేరు
అయితే ఐఆర్ మార్చి చూడు. ఇంపల్స్ రెస్పాన్స్ అంటే ఒక స్పీకరు, దాని పెట్టె, ముందున్న మైకు, ఆ మైకు పెట్టిన చోటు, అన్నీ కలిపి పట్టిన ముద్ర. మైకు కోన్ నడిమధ్యకు గురిపెడితే ధ్వని కోసుగా వస్తుంది. అంచు వైపు జరిపేకొద్దీ మెత్తబడుతుంది. చాలామంది ఆంప్ మోడల్ మారుస్తూ రాత్రంతా కూర్చుంటారు, ఐఆర్ జోలికి పోరు. నన్నడిగితే టోన్‌లో ఎక్కువ భాగం అక్కడే తేలిపోతుంది. తర్వాత హై కట్ (పై శ్రుతులను కోసేది) 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య, లో కట్ (అడుగు శ్రుతులను కోసేది) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టు. గిటార్ లావు తీగ E స్వరం 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాని కింద నీకు పనికొచ్చేది ఏమీ లేదు. ఉంటే బేస్ వాయించేవాడికి అడ్డం. గెయిన్ (డిస్టార్షన్ పెంచే మీట) కూడా నువ్వు అనుకున్నదానికన్నా బాగా తగ్గించు.

గిరింపేట, చిత్తూరు
పీలేరు గారూ, మీరు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ పద్యంలోకే వచ్చారు. స్పీకరు పెట్టె లేని గిటార్ ధ్వని చీదరగా ఉంటుందన్నారు. మరి వీణకు పెట్టె ఏది? కాయ. దీనికి ముందు పాదమే చూడండి: "శశికాంతమణిపీఠి జాజువారగ గాయలుత్తుంగకుచపాళి నత్తమిల్ల." ఆ కాయలు వీణ సొరకాయలు. తీగకు ఒళ్లు ఇచ్చేవి అవే. ముందు కాయలు చెప్పి, ఆ తర్వాతే తంత్రీస్వనం చెప్పాడు.

మంగళం
మేడం, నేను ఎన్నో ఏళ్లుగా చెప్తున్న మాట ఇదే. ఆ కాయను రొమ్ముకు ఆనించి వాయించే వీణ మనకు ఉండేది. ఆలాపినీ వీణ. సగానికి కోసిన కాయ నోటిని గుండెకు ఆనించి, దగ్గరగా దూరంగా జరుపుతూ నాదాన్ని మారుస్తారు. కంబోడియాలో ఇప్పటికీ అలాంటి వాద్యం వాయిస్తున్నారు. పద్యంలో తర్వాత ఏమన్నాడు? "ఆలాపగతి జొక్కి." ఆలాపినికి అది సూచన. పెద్దన మాటలు ఊరికే పడవు.

తిలక్ రోడ్డు
ఆలాప అన్న మాట ఉన్నంత మాత్రాన ఆలాపిని అయిపోదు. పైగా ఆలాపినికి ఒకే కాయ. ఇక్కడ "కాయలు" అని బహువచనం. రెండు కాయల వీణ అనుకోవడమే సబబు. ఒకటి మాత్రం ఖాయం, ఇప్పుడు మనం చూసే 24 మెట్ల సరస్వతీ వీణ కాదు. దానికి ఆ రూపం వచ్చింది 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో అంటారు. కృష్ణరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. పెద్దన విన్న వీణ వేరు.

మంగళం
కాయలు రెండైనా రొమ్ముకు ఆనేది ఒకటే కావచ్చు. "అత్తమిల్ల" గురించి ఎవరూ మాట్లాడరేం? అత్తమించు, అస్తమించు ఒకటే కదా. అత్తమిల్లు కూడా ఆ కుదురుదే. కాయ కనబడకుండా పోయిందంటున్నాడు, అంటే నోరు మూసుకుపోయేలా ఆనింది. ఊరికే ఆనించుకోవడమే అయితే "ఒరగ" అనో "ఒత్త" అనో అనేవాడు.

గిరింపేట, చిత్తూరు
"లుత్తుంగ"కు "నత్తమిల్ల" ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవాలి. త్తకారం కావాలి గనుక "ఒరగ" అక్కడ కుదరదు. "ఒత్త" కుదురుతుంది, కానీ గణం చాలదు. పక్క పాదంలోనూ ప్రాసయతే: "జిలిబిలిపాట ముద్దులు నటింప"లో జిలికి దులు. ముద్దులులో ద్దు ముందు అక్షరాన్ని గురువు చేసి, తను లఘువుగా మిగిలి, లకారంతో కలిసింది. ఆ నేర్పు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తిలక్ రోడ్డు
మీ మాట ప్రకారమే, జిలిబిలి అర్థం కోసం కాదు, ప్రాసయతి కోసం వచ్చిన మాట అనొచ్చు కదా.

గిరింపేట, చిత్తూరు
అనకూడదు. లకారం రెండో అక్షరంగా నాలుగు లఘువుల్లో సర్దుకునే మాటలు పెద్దనకు కరువా? అన్నిట్లో జిలిబిలిని ఏరుకున్నాడు. జిలుగులోని జిలి అది, సన్నని, నాజూకైన అని. జిలుగు పయ్యెద అంటాం, జిలుగు పని అంటాం. బిలికి విడిగా అర్థం లేదు, గజిబిజిలో బిజి లాగా. కాబట్టి సన్నని, ముద్దైన పాట. కొర్లగుంట అబ్బాయి అడిగినదానికి నా జవాబు ఇది: మెచ్చుకోలే. ఆ రొదకు ఈ మాట ఇవ్వొద్దు నాయనా, వరూధిని గొంతుకు అన్యాయం.

మంగళం
సన్నని అన్నంతవరకు ఒప్పుకుంటా. కానీ జిలిబిలి పలుకులు అని ఎవరి పలుకులను అంటాం? పసివాళ్లవి. మాట పూర్తిగా తిరగని పలుకులు. అంటే అస్పష్టత అందులో ఉంది, అది ముద్దొచ్చే అస్పష్టత. వరూధిని ఎవరికోసమో పాడటం లేదు. ఒంటరిగా, తన వీణకు తోడుగా లోగొంతుతో పాడుకుంటోంది. సాహిత్యం పైకి వినిపించదు, పాట మాత్రం తెలుస్తుంది. నాకు వినిపించేది అదీ.

గిరింపేట, చిత్తూరు
మరి "ప్రౌఢి బలికించు గీతప్రబంధములకు" అన్నాడే కింద? ప్రౌఢిగా పలికించే మనిషి మాట తిరగకుండా పాడుతుందా?

మంగళం
పలికించేది వీణ మీద. పాడేది గొంతుతో. ప్రౌఢి వేళ్లది.

రేణిగుంట
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ పద్యానికి ముందు ప్రవరుడు చూసిన "అభంగ తరంగ మృదంగ నిస్వన" హిమాలయంలో ఎవరు విన్నారు? పెద్దన విని ఉంటే మన కపిలతీర్థం దగ్గర విని ఉంటాడు. రాయలు తిరుమలకు ఏడుసార్లు వచ్చాడు, మొదటిసారి 1513లో. ఆస్థాన కవి ఒక్కసారైనా వెంట రాకుండా ఉంటాడా? వానాకాలం కొండమీంచి నీళ్లు దూకేటప్పుడు మంటపంలో నిలబడితే మద్దెల మోతే. తలకోన దగ్గరైతే చెప్పనక్కర్లేదు.

తిలక్ రోడ్డు
వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. రాయలు అగ్రహారం ఇచ్చిన కోకట కడప సీమలో ఉంది, ఆ లెక్కన ఈ కొండలన్నీ తెలిసినవాడే. అయినా పద్యంలో హిమగిరి హిమగిరిగానే ఉండనివ్వండి. ఇలాంటివి మాట్లాడుకునేటప్పుడు నాకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు గుర్తొస్తారు. పద్యాన్నీ రాగాన్నీ ఒకే చెవితో వినగలిగిన మనిషి. తిరుపతిలో ఉండి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చారు, 1974లో సంగీత కళానిధి అయ్యారు. ధూత, జాత అని ఆయన్ను అడిగి ఉంటే వీణ తీగ చూపించి చెప్పేవారు.

గిరింపేట, చిత్తూరు
ఆ మాటకు చేతులెత్తి మొక్కుతున్నా సార్. రాగిరేకుల్లోంచి బయటికి వచ్చిన పాటలు ఇవాళ మన నోట్లో ఉన్నాయంటే అలాంటివాళ్ల వల్లే.

కొర్లగుంట, తిరుపతి
పీలేరన్నా, ఐఆర్ మార్చాను. కోన్ అంచు దగ్గర మైకు పెట్టినది తీసుకుని, హై కట్ 7 దగ్గర పెట్టాను. రొద చాలావరకు పోయింది. కానీ ఇంట్లో కమ్మగా ఉన్న ప్యాచే రిహార్సల్‌లో వాల్యూమ్ పెంచేసరికి మళ్లీ గుచ్చుకుంటోంది, కింద బేస్ బురదగా అవుతోంది. ఇంట్లో విన్న నాదం అక్కడ ఉండదేం?

పీలేరు
చెవి లక్షణం అది. ధ్వని చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి అడుగు శ్రుతులు, బాగా పై శ్రుతులు తక్కువ వినిపిస్తాయి. పెంచేకొద్దీ అవి లేస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. ఇంట్లో మెల్లగా వింటూ బేస్, ట్రెబుల్ పెంచి, మిడ్ (నడిమి శ్రుతులు) తగ్గించి ప్యాచ్ చేసుకుంటావు. పందిట్లో ఆ రెండూ మీదపడతాయి, గిటార్‌కు ప్రాణమైన మిడ్ కీబోర్డ్ కింద నలిగిపోతుంది. అందుకని ప్యాచ్‌ను వాయించే వాల్యూమ్‌లోనే చెయ్యాలి. రిహార్సల్‌కు అరగంట ముందు వెళ్లు, మిడ్ కొంచెం పైకి తెచ్చుకో. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది, టెన్షన్ పడకు. డ్రమ్స్, కీబోర్డ్ కలిశాక చూడు. ఇంకోటి, తయారుగా వచ్చే ప్రీసెట్లు వేరేవాళ్ల గిటార్‌కు, వేరేవాళ్ల చేతికి చేసినవి. నీ గిటార్ పికప్ సింగిల్ కాయిల్ రకం అయితే, హంబకర్ రకానికి చేసిన ప్యాచ్ ఉన్నదున్నట్టు నీకు కుదరకపోవచ్చు.

మంగళం
చేతి మాట వచ్చింది గనుక అడుగుతున్నా. ప్లెక్ట్రమ్‌తో (తీగ మీటే బిళ్లతో) మీటితే ఒక రకం, వేలి కొసతో మీటితే ఒక రకం కాదా?

పీలేరు
పూర్తిగా వేరు సార్. గట్టి ప్లెక్ట్రమ్‌కు దెబ్బ కోసుగా పడుతుంది, పై శ్రుతులు ఎక్కువ. వేలి కండతో మీటితే గుండ్రంగా వస్తుంది. ఏ హై కట్టూ దాన్ని అంత బాగా చెయ్యలేదు.

గిరింపేట, చిత్తూరు
అదే "తరుణాంగుళీ." గోరు అనలేదు, అంగుళి అన్నాడు, అదీ లేతది. ఆ మెత్తదనం తీగలోకి దిగి, కాయలో నిండి, అప్పుడు జిలిబిలిపాటకు తోడయ్యింది. ధూత కాదనేవాళ్లు ఇంకా ఉన్నారా?

తిలక్ రోడ్డు
ఉన్నాను. మెత్తదనం "తరుణ"లో ఉంది, "అంగుళీ"లో ఉంది. ధూతలో లేదు. ఊపడంలో బలం ఉంటుంది గానీ మెత్తదనం ఎక్కడిది? పాత రాతప్రతి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

రేణిగుంట
సీసం చివరి తేటగీతి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. "రత్నకటకఝణఝ" దగ్గర పాదం తెగి, "ణధ్వనిస్ఫూర్తి" అని తర్వాతి పాదం మొదలవుతుంది. ఝణఝణను నడిమధ్య విరిచాడు. నాకు అది కావాలని చేసినట్టే వినిపిస్తుంది. కడియం మోగి, ఆ మోత పాదం దాటి అవతలికి పాకుతుంది. తాళం వేసేవాళ్లు ఎవరూ లేరు, ఆమె కడియాలే తాళం.

కొర్లగుంట, తిరుపతి
డిలే సరిగ్గా సెట్ చేస్తే అలాగే ఉంటుందన్నా. మీటు ఒక మాత్రలో పడితే దాని మారుమోత బారు దాటి వస్తుంది. మరి పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? "ఝణఝ" తర్వాత ఆగితే "ణధ్వని" వికారంగా ఉంది.

గిరింపేట, చిత్తూరు
"కమ్రకరపంకరుహరత్న" దగ్గర తీసుకో. అక్కణ్ణించి "స్ఫూర్తి" దాకా ఒకే ఊపిరి. "తాళమానములు గొలుప" నెమ్మదిగా.

మంగళం
"రత్న" దగ్గర ఆపితే సమాసం తెగుతుంది మేడం. ముందు పాదం చివరి "ప్రబంధములకు" దగ్గరే నిండా తీసుకుని, ఆ పాదమంతా ఒక్క బిగిన లాగాలి.