ఏడాదిన్నర పాపతో అరకులో రెండు రాత్రులు: ఎక్కడ దిగితే మంచిది?

అందరికీ నమస్తే. డిసెంబరు రెండో వారంలో అరకు వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, అత్తయ్య, ఏడాదిన్నర పాప. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి పాపకు సొరంగాలు చూపిద్దామని ఆశ. వచ్చేటప్పుడు కారు.

తేలనిది బస సంగతే. టూరిజం వాళ్ల హరిత రిసార్టులో దిగాలా, ఊళ్లో హోటలా, లేక వంటగది ఉన్న హోమ్‌స్టేనా? టెంట్లు మాత్రం వద్దు, ఆ చలిలో పిల్లతో నా వల్ల కాదు.

పోయినసారి వేరే ఊళ్లో ఫొటోలు చూసి బుక్ చేసి దెబ్బతిన్నాం. బాల్కనీ కమ్మీల మధ్య పాప తల దూరేంత సందు. వేడినీళ్లు పొద్దున 8 గంటలకల్లా బంద్. రాత్రి 11కి పాలు కాచడానికి గదిలో కెటిలే గతి అయ్యింది. అడుగంటి గదంతా మాడు వాసన! మర్నాడు స్పూనుతో దాన్ని గీకుతూ కూర్చున్నాను.

చిన్నపిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. అడిగితే కారం లేకుండా పప్పు, మెత్తటి అన్నం చేసిపెట్టే చోటు ఏది? మంచం గోడకు జరుపుకోనిస్తారా? అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, కింది గదే కావాలి. అనంతగిరిలో దిగితే బొర్రా గుహలు దగ్గరే, కానీ రాత్రిపూట జ్వరమొస్తే డాక్టరు కోసం ఎక్కడికి పరుగెత్తాలా అని టెన్షన్. మావారేమో "అంత ఆలోచిస్తే ఇంట్లోనే ఉండాలి" అంటారు. రాత్రి లేచేది ఆయన కాదు కదా!

బడ్జెట్ రాత్రికి 3,000 లోపు.