రెండు రాత్రుల ట్రిప్పులకి ట్రక్ క్యాంపరా, ట్రైలరా?

బత్తాయితోట (డాలస్)
అందరికీ నమస్కారం. మాది 2021 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు, నాలుగు తలుపుల సూపర్‌క్రూ, వెనక ఐదున్నర అడుగుల బెడ్ (సామాను వేసే తొట్టి), 3.5 ఎకోబూస్ట్ ఇంజను. ఇంట్లో నలుగురం, పిల్లలకి 9, 6 ఏళ్లు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఎక్కువగా ఓక్లహోమాలో బ్రోకెన్ బో, టెక్సస్‌లోనే ఇంక్స్ లేక్ పార్కు, అప్పుడప్పుడు పాలో డ్యూరో లోయ. ఏడాదికోసారి మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులాంటి దూరం ట్రిప్పు. ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని డీలర్ చెప్పాడు కాబట్టి బరువు గురించి బెంగ లేదు. బెడ్‌లో కూర్చునే, గుడ్డ గోడలతో కప్పు పైకి లేచే పాప్‌అప్ క్యాంపర్ తీసుకోవాలా, 17-18 అడుగుల ట్రైలర్ తీసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

దారిబత్తెం (ఆస్టిన్)
బత్తాయితోట గారూ, బెంగ పడాల్సింది బరువు గురించే. 11,000 అనేది లాగే బరువు. క్యాంపర్‌ని ట్రక్కు లాగదు, మోస్తుంది. మోసే బరువు ఎంతో తెలియాలంటే డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు పక్క స్తంభం మీద పసుపు పట్టీ ఉన్న టైర్ల స్టిక్కర్ చూడండి. మనుషులూ సామానూ కలిపి ఇంత మించకూడదని అందులో ఒక అంకె ఉంటుంది. బ్రోషర్‌లో అంకె వేరు, మీ ట్రక్కు అంకె వేరు. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్, ఇలా ప్రతి హంగూ ఆ అంకెలోంచే పోతుంది.

మీ స్టిక్కర్ మీద 1,550 ఉందనుకుందాం. నలుగురికీ కలిపి 420 పౌండ్లు (ఇందులో డ్రైవర్ కూడా లెక్కే). పాప్‌అప్ క్యాంపర్ ఖాళీ బరువు 1,100 అని రాస్తారు. ఫ్రిజ్, హీటర్, ఆనింగ్ (పక్కకి చాచే నీడ గుడ్డ), ఫ్యాన్లు తగిలిస్తే ఇంకో 250 తేలిగ్గా చేరుతుంది. నీళ్లు 20 గ్యాలన్లు, గ్యాలన్‌కి 8.34 చొప్పున 167. ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉంటే 37. లెడ్ బ్యాటరీ 60. పరుపులు, బట్టలు, కుర్చీలు, కూలర్, వంట సామాను 250. క్యాంపర్ వైపే 1,864, మనుషులతో 2,284. అంటే 734 పౌండ్లు ఎక్కువ.

అదే ట్రక్కుకి సామానుతో సహా 4,500 పౌండ్ల ట్రైలర్ తగిలించండి. ట్రైలర్ ముందు కొన (దాన్నే నాలుక అంటారు) ట్రక్కు మీద మోపే బరువు 12-13 శాతం చొప్పున 560. ఆ బరువుని అన్ని ఇరుసులకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (తగిలించే కొక్కెం) 90. మనుషులు 420. బెడ్‌లో సామాను 150. మొత్తం 1,220. ఇంకా 330 చేతిలో ఉంది. మీ ట్రక్కు వరకు నా ఓటు ట్రైలర్‌కే.

కొండదారి (డెన్వర్)
దారిబత్తెం గారి లెక్కలో తప్పు లేదు. తేల్చిన తీరుతోనే పేచీ. అడిగింది రెండు రాత్రుల ట్రిప్పు గురించి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి డాలస్ ట్రాఫిక్‌లో ట్రైలర్‌తో బయటపడి, రాత్రి పదింటికి చెట్ల మధ్య చీకట్లో వెనక్కి పెట్టాలి. భార్య టార్చి పట్టుకుని చెయ్యి ఊపుతుంటే భర్తకి అద్దంలో కనపడదు. ఆ తర్వాత లెవెల్ చూడాలి, చక్రాలకి అడ్డు దిమ్మలు వేయాలి, గొలుసులు, వైరు విప్పాలి, జాక్ దించాలి. అలవాటున్న చేతికి ఇరవై నిమిషాలు, లేని చేతికి గంట. క్యాంపరైతే బండి ఆపి, పైకప్పు గొళ్లేలు తీసి లేపితే పడుకోవడమే. దారిలో కూరగాయలు కావాలన్నా, పెట్రోలు పోయించాలన్నా మామూలు పార్కింగ్ చాలు. వెనక రెండో బండి లేదు కాబట్టి బేరింగులు, ట్రైలర్ బ్రేకులు, ఇంకో రెండు నాలుగు టైర్ల గొడవ ఉండదు.

పేలోడ్ (ట్రక్కు మోసే బరువు) చాలకపోతే తేలిక రకాలు చూడండి. అల్యూమినియం చట్రం మీద వాలుగా లేచే టాపర్ క్యాంపర్లు 300 నుంచి 500 పౌండ్ల మధ్య వస్తున్నాయి. అందులో సింక్, ఫ్రిజ్ ఉండవు. ఒక స్టవ్వు, ఒక కూలర్, ఒక నీళ్ల డబ్బాతో రెండు రాత్రులు గడవవా?

హిచ్‌బాల్ (ప్లానో)
గడుస్తాయి, ఇద్దరికైతే. ఐదున్నర అడుగుల బెడ్ అంటే 66 అంగుళాలు. పైన పెద్దవాళ్లిద్దరు, కింద పిల్లలిద్దరు పడుకుంటే చెప్పులు పెట్టుకునే చోటు కూడా మిగలదు. వర్షం వస్తే నలుగురూ ట్రక్కు సీట్లలో కూర్చోవాల్సిందే.

ఇంకో మాట. బ్రోకెన్ బో, ఇంక్స్ లేక్ అంటే ఒకచోట దిగి చుట్టూ తిరిగే ట్రిప్పులు. క్యాంపర్ ట్రక్కు మీదే ఉంటుంది కదా, మరి పొద్దున్నే చేపలు పట్టడానికో, మధ్యాహ్నం ఐస్ కొనడానికో కదలాలంటే పరుపులు సర్ది, కప్పు దించి, కరెంటు వైరు పీకి వెళ్లాలి. రోజుకి రెండు మూడు సార్లు ఇదే పని. ట్రైలర్‌ని శుక్రవారం రాత్రి ఒకసారి దింపితే ఆదివారం దాకా ట్రక్కు ఖాళీ. చిన్నవాడు మధ్యాహ్నం నిద్రపోతుంటే ఒకళ్లు లోపల ఉండొచ్చు, ఒకళ్లు బయటికి వెళ్లొచ్చు.

కొండదారి
ఒకే చోట రెండు రాత్రులైతే మీరన్నది నిజం, ఒప్పుకుంటాను. రాత్రికో చోటు మారేవాళ్లకి మాత్రం ట్రైలర్ భారమే. అది చెప్పకుండా తేల్చేయొద్దు. పైగా పార్కుల కొలతలు చూడండి. గ్లేసియర్‌లో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ వరకు 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండిని రానివ్వరు, 10 అడుగుల ఎత్తు దాటితే పైకి పొడుచుకొచ్చిన రాళ్లతో ఇబ్బంది. ట్రైలర్‌తో కలిపి కొలిస్తే మీరు 40 అడుగుల దగ్గర ఉంటారు. టెక్సస్‌లోని బిగ్ బెండ్ పార్కులో చిసోస్ బేసిన్ రోడ్డుకి 20 అడుగులు మించిన ట్రైలర్ వద్దని పార్కువాళ్లే చెబుతారు. పాప్‌అప్ క్యాంపర్ కప్పు దించి ఉంటే ఇవేవీ అడ్డు రావు.

దారిబత్తెం
ఎత్తు సరే, పొడవు? పెద్ద క్యాంపర్ కోసం ఇంకా బరువు మోసే క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) ఎఫ్-250ని 8 అడుగుల బెడ్‌తో కొంటే ఆ ట్రక్కే 266 అంగుళాలు, 22 అడుగుల పైమాట. క్యాంపర్ పెట్టకముందే ఆ రోడ్డు మీదికి రాలేదు. పొట్టి బెడ్ ఎఫ్-250 క్రూ క్యాబ్ 250 అంగుళాలు. అది వెళ్తుంది, కానీ క్యాంపర్ వెనక్కి పొడుచుకొస్తే అదీ కష్టమే. కప్పు లేవని గట్టి క్యాంపర్లైతే ఎక్కువ భాగం 10 అడుగులు దాటతాయి. ట్రైలర్ ఉన్నవాళ్లు దాన్ని సైటులో వదిలి, 19 అడుగుల 4 అంగుళాల ఎఫ్-150లో నిశ్చింతగా ఆ రోడ్డు ఎక్కేస్తారు. ఈ లెక్కన ఆ పార్కు నా వాదానికే సాక్ష్యం.

వంశధార (చికాగో)
ఒక సందేహం. వెనక స్ప్రింగులకి తోడు గాలి బుడగల్లాంటి ఎయిర్‌బ్యాగులు వేయించి, గట్టి పది ప్లై ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేయిస్తే ఆ 700 పౌండ్లు సర్దుకోవా? చాలామంది అలాగే తిరుగుతున్నారు కదా.

దారిబత్తెం
సర్దుకోవు. ఎయిర్‌బ్యాగు ట్రక్కు వెనక భాగాన్ని పైకి లేపుతుంది, అంతే. ఇరుసు, చక్రం బేరింగులు, బ్రేకులు, చట్రం అవే ఉంటాయి. వెనక ఇరుసు ఎంత మోయగలదో తలుపు దగ్గరే ఇంకో లేబుల్ మీద విడిగా రాసి ఉంటుంది. క్యాంపర్ బరువులో చాలా భాగం ఆ ఇరుసు మీదే పడుతుంది. పైకి లెవెల్‌గా కనపడుతోంది కదా అని పాలో డ్యూరో లోయలోకి 10 శాతం వాలులో దిగితే, కింది మలుపుల దగ్గరికొచ్చేసరికి బ్రేకులు కాలిన వాసన కొడతాయి, పెడల్ మెత్తబడుతుంది. గట్టి టైర్ల వల్ల పక్కలకి ఊగడం తగ్గుతుంది, మంచిదే. స్టిక్కర్ మీది అంకె మాత్రం మారదు.

గ్లవ్ బాక్సులో ఉన్న కాగితాలు కూడా తిరగేయండి. పికప్‌కి క్యాంపర్ పెట్టొచ్చా, పెడితే ఎంత బరువు, దాని గరిమనాభి బెడ్‌లో ఎక్కడికి రావాలి అని కంపెనీ ఒక క్యాంపర్ లోడింగ్ షీటు ఇస్తుంది. క్యాంపర్ పక్కన కూడా గరిమనాభి గుర్తు ఉంటుంది. ఆ గుర్తు వెనక ఇరుసుకి ముందు పడాలి. వెనక పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తేలిపోతుంది, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. మీ ట్రక్కుకి క్యాంపర్ సిఫారసు చేయం అని ఆ షీటు మీద ఉంటే ఇక చర్చ అక్కర్లేదు.

కొండదారి
ఇందులో నేనూ దారిబత్తెం గారి పక్షమే. దీనికి ఒకటి కలుపుతాను. క్యాంపర్‌ని బెడ్ రేకుకి కట్టొద్దు. 2015 నుంచి ఎఫ్-150 బెడ్ అల్యూమినియం. మూలల్లో ఉండే కొక్కేలు పెట్టెలు కట్టడానికి పనికొస్తాయి తప్ప, ఈదురుగాలిలో వెయ్యి పౌండ్ల క్యాంపర్‌ని ఆపడానికి కాదు. చట్రానికి బిగించే టై-డౌన్లు నాలుగు, స్ప్రింగున్న టర్న్‌బకిళ్లు (తిప్పి బిగించే కొక్కేలు) నాలుగు వాడాలి. కింద రబ్బరు మ్యాటు పరిస్తే జారదు. మొదటి 50 మైళ్ల తర్వాత ఆగి టర్న్‌బకిళ్లు మళ్లీ బిగించాలి, అప్పటికి క్యాంపర్ కాస్త సర్దుకుని అవి వదులవుతాయి.

సిరిమల్లె (హ్యూస్టన్)
ఇంట్లో పెద్దవాళ్లుంటే అన్న కోణం ఎవరూ ఎత్తలేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తారు, వాళ్లని వదిలి వెళ్లలేం. ట్రక్ క్యాంపర్ గుమ్మం నేలకి మూడడుగుల పైనే ఉంటుంది, మడత మెట్లు నిటారుగా ఉంటాయి. క్యాబ్ మీది పరుపు ఎక్కాలంటే మోకాళ్ల మీద పాకాలి, పడుకుంటే లేచి కూర్చునే ఎత్తుండదు. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి దిగేవాళ్లకి అది అయ్యే పని కాదు. ట్రైలరైతే ఒకటో రెండో మెట్లు, నేల ఎత్తులో పరుపు, లోపలే టాయిలెట్. మోకాళ్ల నొప్పులున్న మనిషికి తేడా అక్కడే.

రెండోది ఎండ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా టెక్సస్‌లో ఏసీ లేకుండా పిల్లలు పడుకోలేరు. 13,500 బీటీయూ ఏసీకి 30 ఆంప్ హుకప్ (కరెంటు కనెక్షన్) ఉన్న సైటు చూసుకోవాలి. పాప్‌అప్ గోడలు గుడ్డ కాబట్టి చల్లదనం నిలవదు. ఏసీని కప్పు మీద పెడితే ఆ బరువు కూడా కప్పుతోపాటు లేపాలి.

మూడోది తడి. నలుగురి ఊపిరి, కుక్కర్ ఆవిరి, పప్పు పోపు పొగ అన్నీ ఆ గుడ్డకే అంటుకుంటాయి. తెల్లారేసరికి చెయ్యి పెడితే తడి తగులుతుంది. ఆదివారం తడిగానే మడిచి తెస్తే, సోమవారం ఇంటి ముందు మళ్లీ విప్పి ఆరబెట్టాలి. రెండు మూడు రోజులు అలాగే వదిలేస్తే మడతల్లో నల్ల బూజు పడుతుంది, ఆ మరక ఇక పోదు. వంట బయట చేసుకోండి, పడుకునేటప్పుడు ఎదురెదురు కిటికీలు రెండు వేళ్లంత తెరిచి ఉంచండి.

కొండదారి
సిరిమల్లె గారూ, పెద్దవాళ్ల విషయంలో మీ మాటకి ఎదురు చెప్పను. ఏసీ మాత్రం కొలరాడోలో మాకు అంత అవసరం పడదు. క్యాంపర్ మంచిదా కాదా అన్నది ఏ రాష్ట్రంలో వాడతారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. 9,000 అడుగుల మీద, మట్టిరోడ్డు చివర, హుకప్ లేని చోట రాత్రి గడపాలంటే ట్రైలర్ పనికిరాదు. తిప్పుకోవడానికి చోటుండదు, దారి మూసుకుపోతే వెనక్కి రావడమే గండం.

బత్తాయితోట
స్టిక్కర్ చూశాను: 1,483. గ్లవ్ బాక్సు షీటు మీద క్యాంపర్ సిఫారసు చేయం అనే ఉంది. కాబట్టి క్యాంపర్ ఆలోచన వదిలేశాం. వచ్చే ఏడాది మా అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. కొనేముందు ఒక వారాంతం ట్రైలర్ అద్దెకి తీసుకుంటాం. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఇంటి ముందు రెండు రోజులకి మించి పెట్టనివ్వదు, స్టోరేజీ లాటు వెతకాలి. అద్దె ట్రైలర్‌ని ఇంటి దగ్గర తగిలించుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

హిచ్‌బాల్
మంచి పని చేస్తున్నారు. వరుసగా చెబుతాను.

ముందు రిసీవర్ (ట్రక్కు వెనక హిచ్ దూర్చే చతురస్రపు గొట్టం) మీది లేబుల్ చదవండి. ఎఫ్-150లో మామూలు బాల్ హిచ్‌తో 5,000 పౌండ్లు, నాలుక మీద 500 వరకే. అది దాటితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి. యజమాని ఇచ్చే బాల్ సైజు కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ కొన) మీద ముద్రించిన సైజుతో సరిపోవాలి: 2 అంగుళాలా, 2 5/16 అంగుళాలా? పెద్ద కప్లర్‌లో చిన్న బాల్ కూర్చున్నట్టే ఉంటుంది, గతుకులో ఎగిరిపోతుంది. గొళ్లెం వేశాక జాక్‌తో నాలుకని ఒక అంగుళం పైకెత్తండి. ట్రక్కు వెనక భాగం కూడా లేస్తే గట్టిగా పట్టినట్టు. గొలుసులు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలించండి. బ్రేకవే వైరుని (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసేది) గొలుసుకి కాకుండా విడిగా ట్రక్కుకి కట్టండి.

టైరు పక్కన డాట్ నంబరు (DOT అని మొదలయ్యే ముద్ర) చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరుతో ఆ బండి తీసుకోవద్దు, గాడులు నిండుగా కనపడినా సరే. చల్లగా ఉన్నప్పుడు ట్రైలర్ లేబుల్ మీద రాసినంత గాలి కొట్టించండి. తక్కువ గాలితో టెక్సస్ ఎండలో పోతే పక్కలు వేడెక్కి పగులుతాయి. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించి, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ చూడండి. అక్కడే చక్రం మధ్య భాగం మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందని గుర్తు.

ట్రక్కులోంచి ట్రైలర్ బ్రేకులు నడిపే బ్రేక్ కంట్రోలర్ గెయిన్ (బ్రేకు బలం) సరిచేయడానికి ఖాళీ లాటులో 20-25 మైళ్ల వేగంతో వెళ్తూ లివర్ మాత్రం నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యేదాకా గెయిన్ పెంచి, అక్కడి నుంచి కాస్త తగ్గించండి.

సర్దేటప్పుడు బరువైనవి ఇరుసు దగ్గర, కొంచెం ముందుకి. నీళ్ల ట్యాంకు ఇరుసు వెనక ఉంటే దాన్ని నింపితే నాలుక తేలికవుతుంది. నాలుక మీద 10 శాతం కంటే తగ్గితే 60 మైళ్ల వేగం దగ్గర, పక్కన లారీ దాటగానే తోక ఊగడం మొదలవుతుంది. అప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, చేత్తో ట్రైలర్ బ్రేకు లివర్ మెల్లగా నొక్కండి. ట్రైలర్ వెనక్కి లాగి, ట్రక్కు వెనక వరుసకొస్తుంది.

సరైన అంకెలు కావాలంటే దారిలో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) ఉన్న ట్రక్ స్టాపులో రెండుసార్లు తూచండి. ఒకసారి ట్రైలర్ తగిలించి, డిస్ట్రిబ్యూషన్ బార్లు వదిలేసి. రెండోసారి అదే మనుషులతో, ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కటే. ట్రక్కు రెండు ఇరుసుల మీద మొదటిసారి వచ్చిన మొత్తంలోంచి రెండోసారిది తీసేస్తే మిగిలేదే నాలుక బరువు. 1,483లోంచి దారిబత్తెం గారి లెక్క 1,220 తీసేస్తే మీకు చేతిలో మిగిలేది 263 పౌండ్లే. అత్తయ్యగారూ మామయ్యగారూ ఎక్కితే అదీ అయిపోతుంది. ఆ ట్రిప్పుకి బెడ్‌లో సామానంతా ట్రైలర్‌లోకి మార్చి మళ్లీ తూచండి, లేదా వాళ్లని ఇంకో కారులో రమ్మనండి.