సైకిల్ రైడ్: ఎవరి పని ఏంటో ఈ రాత్రికల్లా రాయండి

సెక్రటరీ, బుధవారం రాత్రి 9:10
ఇంకా పదకొండు రోజులే ఉంది. మార్షల్స్ (దారి పొడుగునా నిలబడి చూసుకునేవాళ్లు) 12 మంది కావాలి, 7 మందే దొరికారు. మంచినీళ్ల స్టాపులు రెండు, బాణం గుర్తులు, పంక్చర్ కిట్లు, ఫస్ట్ ఎయిడ్. ఏది ఎవరు చూస్తారో పేరు రాయండి. మనం విరాళాలు పోగుచేస్తున్న రెండు చారిటీలు, ఎయిర్ అంబులెన్స్ వాళ్లూ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే చోటు) వాళ్లూ టీషర్టులు పంపారు, మా ఇంట్లో ఉన్నాయి.

రూటు
అక్కా, రూటు చూసేది నేనే కదా, ముందు ఇది చూడండి. మన రైడ్ పార్కులో కుదరదని పార్కు వాళ్లు అన్నారు. మన పోస్టర్ మీద "మొదటి ముగ్గురికి బహుమతులు" అని ఉంది కదా, అది రేసు కిందికి వస్తుందట. పైగా 50 లక్షల పౌండ్ల పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వల్ల బయటివాళ్లకి దెబ్బ తగిలినా నష్టం జరిగినా కట్టేది) కాగితం అడుగుతున్నారు. మనకున్నది హాల్లో జరిగే కార్యక్రమాలకే.

ట్రెజరర్
ఆ బహుమతుల లైను ఎవరు పెట్టారు?

పోస్టర్
పోస్టర్ వేసిన నేనే. మీటింగులో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

ట్రెజరర్
ఆ మీటింగుకి నేను రాలేదు.

పోస్టర్
అదే కదా అన్నా.

రూటు
రోడ్డు మీద పెట్టుకుందామా? మామూలు చారిటీ రైడ్‌కి పోలీసు అనుమతి అక్కర్లేదు, ముందుగా ఒక మాట చెబితే మంచిది. ఫస్టు, సెకండు అన్నామంటేనే 1960 నాటి రేసింగ్ నిబంధనలు మెడకు చుట్టుకుంటాయి. బహుమతులు తీసేస్తే సరి.

సెక్రటరీ
పన్నెండేళ్ల పిల్లలు పేర్లిచ్చారు. ఆ రోడ్ల మీదికి వాళ్లని నేను పంపను.

ట్రెజరర్
అయితే డబ్బు వెనక్కిచ్చేద్దాం. వాకథాన్ చాలని మొదటే చెప్పాను.

పోస్టర్
మీరు ఏటా వాకథానే అంటారు. లెక్క రాసుకోవడం తేలికని.

సెక్రటరీ
ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి పడుకోండి.

బడి టీచర్, 11:40
నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం తెలుగు బడికి సెలవు, హాలు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా మన చేతిలోనే ఉంటుంది. లాక్‌డౌన్‌లో టర్బో ట్రైనర్లు కొన్నవాళ్లు ఎంతమంది? వెనక చక్రం బిగించి ఉన్నచోటే తొక్కడమే. మన ఇన్సూరెన్సూ సరిపోతుందేమో, రేపు అడుగుతాను.

పోస్టర్
మా ఇంట్లో ఒకటుంది. బట్టలారేస్తున్నాం.

రూటు
ఆరు దొరికితే హాల్లోనే ల్యాండ్స్ ఎండ్ నుంచి జాన్ ఓ గ్రోట్స్ దాకా, అంటే బ్రిటన్ ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత దూరమో అంత తొక్కేయొచ్చు! రోడ్డు మీద 874 మైళ్లు. ఒక్కో సైకిలు గంటకు 15 మైళ్లంటే ఆరు కలిసి 90. పది గంటల్లోపే అయిపోతుంది. అరగంటకొకరు మారుదాం.

బడి టీచర్
పిల్లలు కూడా ఉన్నారు నాయనా, గంటకు 12 అనుకో.

ట్రెజరర్, గురువారం ఉదయం 6:50
రాత్రి కాస్త ఎక్కువ మాట్లాడాను, వదిలేయండి. ఇన్సూరెన్స్ వాళ్లు సరేనంటేనే ముందుకెళ్దాం. స్పాన్సర్లు పార్కులో తొక్కుతామంటే ఇచ్చారు కాబట్టి, మారిందని పేజీలో నేను రాస్తాను. వద్దన్నవాళ్లకి వెనక్కి ఇచ్చేద్దాం. ఇంకో సంగతి: గిఫ్ట్ ఎయిడ్ (విరాళం మీద ప్రభుత్వం చారిటీకి తిరిగిచ్చే ట్యాక్స్) విరాళానికే, రిజిస్ట్రేషన్ ఫీజుకి రాదు. పౌండుకి 25 పెన్నీలు అదనంగా చారిటీకి వెళ్తుంది గానీ, ఇక్కడ ట్యాక్స్ కట్టేవాళ్లు తమ సొంత డబ్బుకే టిక్ పెట్టాలి. కంపెనీ ఖాతాలోంచి ఇస్తే పెట్టొద్దు.

బడి టీచర్, మధ్యాహ్నం 1:15
ఇన్సూరెన్స్ వాళ్లు సరేనన్నారు, మెయిల్‌లో రాసిమ్మన్నాను. నేల గీతలు పడకుండా రబ్బరు మ్యాట్లు తెండి. టైరు వేడెక్కి అరిగిపోతుంది, పాతది వేసుకుని రండి. ఫ్యాన్లు ఎన్నున్నా చాలవు.

పోస్టర్
ట్రైనర్లు ఆరూ దొరికాయి. బట్టలు తీసేశాం. కానీ గంటకు 12 అయితే పన్నెండు గంటలకి 864 మైళ్లే. జాన్ ఓ గ్రోట్స్‌కి పది మైళ్ల ముందు ఆగిపోతాం.

రూటు
ఆ పదీ ట్రెజరర్ అన్న తొక్కుతాడు.

ట్రెజరర్
నా సైకిలు వెనక చక్రానికి త్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరలా బిగించే లావు ఇరుసు). ఆ ట్రైనర్లకి పట్టదు.

పోస్టర్
అడాప్టర్ నా దగ్గరుందన్నా.