పుండు చిన్నదైతే సిఫిలిస్ టీకా పనిచేసినట్టేనా? (కుందేలు మోడల్)

ల్యాబ్‌కోటు: రీకాంబినెంట్ ప్రొటీన్ (వేరే బ్యాక్టీరియాలో తయారు చేసిన క్రిమి ప్రొటీన్) టీకా వేసిన కుందేళ్లకు వీపు మీద చాలెంజ్ (బతికున్న క్రిమిని ఎక్కించి చూడటం). నికల్స్ స్ట్రెయిన్ (ల్యాబుల్లో వాడే క్రిమి రకం), చోటుకు 0.1 మి.లీ.లో లక్ష ట్రెపోనీమాలు (సిఫిలిస్ క్రిములు), ఒక్కోదానికి 8 చోట్ల. పుండ్లు చిన్నగా వచ్చి కంట్రోల్స్ (టీకా వేయని కుందేళ్లు) కంటే ముందే మానితే రక్షణ కింద రాసుకోవచ్చా?

డార్క్‌ఫీల్డ్: ముందు కంట్రోల్స్ సంగతి చూడండి. వాటిలో దాదాపు అన్ని చోట్లా చర్మం గట్టిపడి, పుండై, రసంలో కదిలే ట్రెపోనీమాలు కనబడాలి. లేదంటే టీకాను పొగడొద్దు, గదిని అనుమానించండి. ఈ క్రిమికి వేడి పడదు. గది 18–20 డిగ్రీలుండాలి, వీపు రోజూ క్లిప్పర్‌తో గొరగాలి. రెండ్రోజులు బద్ధకిస్తే బొచ్చు పెరిగి, కింద చర్మం వెచ్చబడి పుండు సరిగా ఎదగదు. దాణాలో యాంటీబయాటిక్ ఉండకూడదు, సంచీ మీద లేబుల్ చదవండి. కుందేళ్లకు వాటి సొంత సిఫిలిస్ ఒకటుంది కాబట్టి ముందే వీడీఆర్‌ఎల్, ఎఫ్‌టీఏ-ఏబీఎస్ అనే సిఫిలిస్ రక్త పరీక్షలు రెండూ నెగటివ్ అని తేల్చుకోవాలి.

ట్రెపో: పుండు మానినా క్రిమి ఒంట్లో పాకిపోయి ఉండొచ్చు. మోకాలి వెనక లింఫు గ్రంథి తీసి, నూరి, వేరే ఆరోగ్యమైన కుందేలు వృషణంలోకి ఎక్కించండి. దాని రక్తం మూడు నెలలైనా నెగటివ్‌గా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పటికీ గీటురాయి 1973 నాటి మిల్లర్ ప్రయోగమే: గామా కిరణాలతో బలహీనపరిచిన నికల్స్ క్రిమి, 37 వారాల్లో 60 ఇంజెక్షన్లు సిరలోకి, మొత్తం 371 కోట్ల క్రిములు. రక్షణ పూర్తిగా వచ్చింది, కనీసం ఏడాది నిలిచింది. మనుషులకు అన్ని సూదులు ఎవరు పొడుస్తారు?

ల్యాబ్‌కోటు: గ్రంథికి పీసీఆర్ (క్రిమి డీఎన్‌ఏ పట్టే పరీక్ష) చేస్తే చాలదా అండీ?

ట్రెపో: చాలదు. పీసీఆర్‌కు చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా పాజిటివే. పైగా మీరు కోసిన ముక్కలో క్రిమి లేకపోతే నెగటివ్ వస్తుంది. బతికున్నవి కొద్దిగా ఉన్నా కుందేలు పట్టేస్తుంది. రెండూ చేయండి, తీర్పు మాత్రం కుందేలుదే.

డార్క్‌ఫీల్డ్: ఇంకొకటి. టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) చూసి మురిసిపోకండి. ఈ క్రిమి బయటి పొర మీద ప్రొటీన్లు బహు తక్కువ, అందులో టీపీఆర్‌కే అనే ప్రొటీన్ తన ఏడు వేరియబుల్ భాగాలను మార్చుకుంటూ పోతుంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో తీసిన ప్రొటీన్ మడత తప్పితే యాంటీబాడీలు బోలెడు పుడతాయి, బతికున్న క్రిమికి మాత్రం అంటవు. చాలెంజ్‌కు ముందే ఆ సీరంతో ఆప్సొనైజేషన్ (క్రిమికి యాంటీబాడీలు అంటించడం) చేసి, మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రక్షణ కణాలు) మింగుతున్నాయో లేదో చూస్తే కుందేళ్లు మిగులుతాయి.