మెదడుకు నొప్పి తెలియదంటే తలనొప్పి ఎక్కడిది?

ప్రశ్న: ఒంట్లో ఏ మూల దెబ్బ తగిలినా ఆ కబురు అందుకునేది మెదడే అయినా, దానినే కోస్తే దానికి నొప్పి తెలియదని చదివాను. ఇది నిజమేనా? అయితే తలనొప్పి ఎక్కడ పుడుతున్నట్టు?

జవాబు: నిజమేనండీ. నొప్పిని పసిగట్టే నాడుల కొసలు మెదడు కణజాలంలో లేవు. అవి దానిని కప్పి ఉన్న పొరల్లోనూ, రక్తనాళాల్లోనూ, తల, మెడ కండరాల్లోనూ ఉంటాయి కనుక మనం తలనొప్పి అనేది అక్కడి బాధనే.

మరొక జవాబు: అందువల్లే రోగి మెలకువగా ఉండగా మెదడుకు శస్త్రచికిత్స సాధ్యమవుతోంది, నెత్తి చర్మానికి మాత్రం మత్తు ఇవ్వక తప్పదు. 1930లలో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఎలక్ట్రోడ్‌తో (కొద్దిపాటి విద్యుత్తు పంపే తీగతో) రోగుల మెదడును తాకుతూ, వారు చెప్పేది వింటూ, ఏ భాగం చేతికి, ఏది నాలుకకు సంబంధించినదో గుర్తించారు. అలా తయారైన మెదడు పటంలో వీపు మొత్తానికి దక్కిన చోటు కంటే పెదవులకు దక్కినదే ఎక్కువ కావడం నాకు అన్నిటికంటే వింతగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఇప్పటికీ రోగిని మాట్లాడించడం దేనికి?

జవాబు: కణితిని తీస్తుండగా మాట తడబడితే అక్కడితో ఆగాలని వైద్యులకు తెలుస్తుంది. గుంటూరులో 2017లో ఒక రోగికి సినిమా చూపిస్తూ ఆపరేషన్ చేసిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది.