మూడు రోజుల స్టేజ్ రేసు, ఒక్కటే సపోర్ట్ కారు – ఏం సర్దుకోవాలె, టైమ్ రూల్స్ ఎట్లుంటయ్?

హాలియా_పెడల్

జనవరి చివర్ల ఒక స్టేజ్ రేసుకు నలుగురం టీమ్‌గ పేరిచ్చినం. ఒక్కరోజు రేసులు అలవాటే గాని ఇది కొత్త. మొదటి రోజు 12 కి.మీ. టైమ్ ట్రయల్ (గుంపు లేకుండ టైమ్ మీదనే పోటీ). రెండో రోజు మిర్యాలగూడ నుంచి హాలియా, మల్లేపల్లి మీదుగ కల్వకుర్తి. మూడో రోజు కల్వకుర్తి నుంచి డిండి, హాజీపూర్ మీదుగ పోయి మన్ననూరు ఘాటు పైన ముగింపు. మాకు ఒక కారు, డ్రైవరు, ఒక మెకానిక్ తమ్ముడు ఉన్నరు.

అడిగేది ఏందంటే: చివర్ల పంక్చర్ అయితే టైమ్ పోయినట్టేనా? కార్ల ఎన్ని చక్రాలు, ఎసొంటివి పెట్టుకోవాలె? సర్కారు తుమ్మ ముళ్లకు ట్యూబ్‌లెస్ ఆగుతదా? మూడు రోజులు వరసగ తొక్కెటోళ్లు ఏం తాగాలె?

చైన్‌రింగ్34

టైమ్ సంగతి నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్లు అందుకోండి.

మూడు రోజుల టైమ్ కలిపితే ఎవరిది తక్కువో వాళ్లదే రేసు. ఏ స్టేజీలో ఎన్నో స్థానం అన్నది దాని తర్వాతే. గుంపుగా గీత దాటితే గుంపులో మొదటివాడి టైమే అందరికీ రాస్తారు. గుంపు తెగిందా లేదా అన్నది ముందువాడి వెనక చక్రానికీ, వెనకవాడి ముందు చక్రానికీ మధ్య ఎడం చూసి తేలుస్తారు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పద్ధతిలో మామూలుగా 1 సెకను ఎడం వస్తే కొత్త టైమ్. బంచ్ స్ప్రింట్ (గుంపంతా చివర్లో ఒకేసారి దూసుకెళ్లడం) ఖాయమని ముందే ప్రకటించిన చదును స్టేజీల్లో 3 సెకన్ల దాకా చూస్తారు. గంటకు 50 కి.మీ. వేగంలో 1 సెకను అంటే 14 మీటర్లు. స్ప్రింట్ కొట్టని ముగ్గురూ చివరి 200 మీటర్లలో ‘మన పని అయిపోయింది’ అని కాళ్లు ఆపితే ఆ 14 మీటర్లు ఇట్టే తెరుచుకుంటాయి. కొండ మీదే కాదు, ఇలా కూడా టైమ్ పోగొట్టుకుంటారు.

పంక్చర్ సంగతి. చివరి 3 కి.మీ. లోపల పంక్చరైనా, పడినా, బైకు చెడినా అప్పుడు ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు టైమే ఇస్తారు. స్థానం మాత్రం నిజంగా గీత దాటినదే. ఈ వెసులుబాటు టైమ్ ట్రయల్‌కు ఉండదు, కొండ మీద ముగిసే స్టేజీకి ఉండదు. అంటే మీకు పనికొచ్చేది రెండో రోజు ఒక్కటే. అది కూడా మీ రేసు టెక్నికల్ గైడ్‌లో రాసి ఉంటేనే, ఎందుకంటే చిన్న రేసుల్లో ఇది తనంతట తాను వర్తించదు. మేనేజర్ల మీటింగ్‌లో ఇంకో రెండు అడగండి: ముగింపు దగ్గర టైమ్ బోనస్ ఉందా (పెద్ద రేసుల్లో మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్లు), టైమ్ కట్ ఎంత శాతం? గెలిచినవాడు 2 గంటల 40 నిమిషాల్లో వస్తే 15 శాతం అంటే 24 నిమిషాలు. 3 గంటల 4 నిమిషాలు దాటినవాడు మర్నాడు స్టార్ట్‌లో ఉండడు.

ముల్లు_మెకానిక్

చక్రాలు ఎన్ని అనుడు కన్న ముందు నాలుగు బైకులు పక్కపక్కన పెట్టి ఒక కాగితం రాసుకోండి. డిస్కా రిమ్ బ్రేకా, రోటర్ (డిస్క్ బ్రేకు పట్టే పళ్లెం) ఎన్ని మి.మీ., ఎన్ని స్పీడ్ (వెనక ఎన్ని గేర్లు), యాక్సిల్ (చక్రం ఇరుసు) ఏది. డిస్క్ బైకులు చానావాటికి ముందు 12×100, వెనక 142 ఉంటది. రోటర్ కాడనే మోసం జరుగుతది. క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లు ఉండేది) 160కి కట్టి ఉన్నకాడ 140 రోటర్ ఉన్న చక్రం పెడితే ప్యాడ్ సక్కగ అంటుకోదు, బ్రేకు పడదు. 140 కాడ 160 పెడితే చక్రమే ఎక్కదు. 12 స్పీడ్ బైకుకు 11 స్పీడ్ క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఉన్న చక్రం పెడితే గేర్లు ఎగురుతయ్. నలుగుట్ల ఒక్కడు రిమ్ బ్రేక్ అయితే ఆయనకు విడిగ ఒక జత తప్పదు.

నలుగురివి ఒకే తీరు అయితే వెనకవి రెండు, ముందుది ఒకటి చాలు. బరువు ఎక్కువ వెనక చక్రం మీద పడుతది గనక పంక్చర్లు అటే ఎక్కువ. పెడల్స్ నలుగురికీ ఒకే కంపెనీవి ఉండేటట్టు సూడండి. కారు వెనకబడితే పక్క మనిషి బైకు ఎక్కి పోవచ్చు, క్లీట్ (బూటు కింది కొక్కెం) పెడల్‌కు పట్టకపోతే ఆ దారి కూడ మూసుకపోయినట్టే.

మార్చేటప్పుడు రైడర్ ఆగకముందే చైన్‌ను వెనక అన్నిట్ల చిన్న పళ్లచక్రం మీదికి దించాలె. రోడ్డుకు ఎడమ అంచున ఆగాలె. యాక్సిల్ మీ బైకుదే వాడాలె, మర ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు ఉంటది. చక్రం తీసినంక బ్రేక్ లీవర్ పట్టుకోవద్దు, పిస్టన్లు దగ్గరికొచ్చి కొత్త రోటర్ దూరదు. కారు డోర్‌ల ఒక ప్లాస్టిక్ ప్యాడ్ స్పేసర్, 6 మి.మీ. అలెన్ కీ తాడు కట్టి పెట్టుకోండి. చక్రాలు డిక్కీల కాదు, వెనక సీట్ల ఉండాలె.

సర్కారు తుమ్మకు ట్యూబ్‌లెసే మేలు. 28 మి.మీ. టైర్ల 30 నుంచి 40 మి.లీ. సీలెంట్ (రంధ్రం మూసే ద్రవం) పోయాలె. మన ఎండలకు అది రెండు నెలలల్ల ఎండి ముద్దయితది, రేసుకు వారం ముందు విప్పి చూసి పోసుకోండి. ముల్లు గుచ్చుకుంటే పీకి, రంధ్రం కిందికి వచ్చేటట్టు చక్రం తిప్పి పట్టాలె. పీకకుండ తొక్కితే అది లోపలికి ఇంక కోసుకుంట పోతది. ముల్లు పెట్టిన రంధ్రం సీలెంట్ ఆపుతది గాని సీసా పెంకు కోతకు ప్లగ్ (కోతల దూర్చే రబ్బరు ముక్క) కావాలె.

హాలియా_పెడల్

మస్తు వివరంగ చెప్పిన్రు అన్నా. గాలి ఎంత కొట్టాలె? ఇద్దరివి హుక్‌లెస్ రిమ్ములు (టైరును పట్టే కొక్కెపు అంచు లేనివి). రైడర్లు 62 నుంచి 74 కిలోల దాక ఉన్నరు.

ముల్లు_మెకానిక్

28 మి.మీ.కు 62 కిలోలాయనకు 60–62 పి.ఎస్.ఐ., 74 కిలోలాయనకు 66–68. ముందుది రెండు తగ్గించుకోవచ్చు. హుక్‌లెస్‌కు 72.5 దాటొద్దు, అంటే 5 బార్. ఈడ ఒక లెక్క ఉన్నది. పొద్దున 20 డిగ్రీల చలిల 70 కొట్టినోడు బైకును ఎండల కారు మీద పెడితే, టైరు 50 డిగ్రీలకు వేడెక్కినంక అదే గాలి 78 దాటుతది. గందుకే స్టార్ట్‌కు పావుగంట ముందు మల్ల గేజ్ పెట్టి సూడాలె. హోటల్ రూమ్‌ల కొట్టిన గాలిని నమ్మొద్దు.

ఉప్పు_చక్కెర

తాగుడు ముచ్చట నాది. జనవరిలో ఉదయం చలిగా ఉంటుంది, దాహం తెలియదు. పదకొండు దాటాక మల్లేపల్లి దగ్గర ఎండ పట్టుకుంటుంది, అప్పటికే ఒక బాటిల్ వెనకబడి ఉంటారు. గంటకు 500 నుంచి 750 మి.లీ. లెక్క పెట్టుకోండి. పిండిపదార్థం గంటకు 60 గ్రాములు, కడుపుకు అలవాటు ఉన్నవాళ్లకు 90 దాకా.

కొందరు లీటర్ ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకుని రేసు లాగించేద్దామనుకుంటారు. అది విరేచనాలు అయినవాళ్లకు ఇచ్చేది. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, సోడియం మాత్రం 1,700 మి.గ్రా. పైన. ఆకలి తీరదు, ఉప్పగా ఉండి తాగబుద్ధి కాదు. ఇంట్లోనే కలుపుకోవచ్చు: 750 మి.లీ. నీళ్లకు 60 గ్రాముల చక్కెర, 1 గ్రాము పైచిలుకు ఉప్పు, సగం నిమ్మకాయ. 1 గ్రాము ఉప్పులో దాదాపు 390 మి.గ్రా. సోడియం. ప్రతి బాటిల్ ఇదే కాకుండా ఒకటి ఇది, ఒకటి ఉత్త నీళ్లు. ఉత్త నీళ్లది తల మీద పోసుకోవడానికీ పనికొస్తుంది, చక్కెర నీళ్లు పోసుకుంటే తెలుస్తుంది సంగతి. పల్లిపట్టి జేబులో పెట్టుకోకండి, నూనె గింజ కాబట్టి మెల్లగా అరుగుతుంది. అరటిపండు, ఖర్జూరం చాలు.

స్టేజ్ అయిన అరగంటలో కిలో బరువుకు 1 గ్రాము చొప్పున పిండిపదార్థం, దానితో 20 గ్రాముల ప్రోటీన్. పెరుగన్నం పెద్ద గిన్నె, రెండు గుడ్లు అంటే అయిపోతుంది. జొన్నరొట్టె బలమే గాని పీచు ఎక్కువ, మూడో రోజు సాయంత్రానికి దాచుకోండి.

ఎడమ_అంచు

రోడ్డు గురించి ఎవరూ చెప్తలేరు. మిర్యాలగూడ నుంచి హాలియా దాక సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. మీరు పోయే రోజులల్ల యాసంగి నాట్లు నడుస్తుంటయ్. కేజ్ వీల్ ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కిన ప్రతి కాడ బురద గడ్డలుంటయ్, పొద్దున మంచుకు అవి సబ్బు తీరు జారుతయ్. మలుపుల బ్రేకు కొట్టొద్దు, ముందే తగ్గించుకోవాలె. వడ్లు ఆరబోసుడు అప్పటికి అయిపోతది గాని కంది కట్టె, ఉలవ కట్టె బండ్లు తొక్కాలని రోడ్డు మీద పరుస్తరు. ఒక్క పుల్ల డిరేలియర్ల (వెనక గేర్లు మార్చేదాంట్ల) ఇరికితే దాన్ని ఫ్రేముకు పట్టే హ్యాంగర్ వంగుతది. నాలుగు బైకులకూ సరిపోయే హ్యాంగర్లు కార్ల ఉండాలె, ఏ షాపుల అడిగినా అప్పటికప్పుడు దొరకవు.

రెండో రోజు మీరు పడమరకు పోతరు. ఆ కాలంల గాలి ఈశాన్యం దిక్కు నుంచి వస్తే కుడి వెనక భుజానికి తాకుతది. అప్పుడు ముందటోడు మధ్య గీతకు దగ్గరగ ఉండి, మిగతావాళ్లు ఎడమకు మెట్లు మెట్లుగ నిలబడాలె. ట్రాఫిక్ ఆపకుండ సగం రోడ్డే ఇస్తే మూడున్నర మీటర్లు. అండ్ల అయిదుగురికే గాలి చాటు, ఆరోవాడు అంచు మట్టిల పడుతడు. మల్లేపల్లికి ముందే మీ నలుగురు మొదటి ఇరవై మందిల ఉండాలె.

ఘాటుకు ముందు 50/34 పళ్ల చక్రాలు, వెనక 11-34 ఉంటే బాగ. 34కు 34 గేర్ల నిమిషానికి 80 తిప్పులకు గంటకు 10 కి.మీ. వస్తది, అంతకన్న చిన్నది అక్కర్లేదు. మూడో రోజు స్టార్ట్‌కు ముందు రాత్రి శ్రీశైలంల పండుకుందామని ఎవరన్న అంటే ఒప్పుకోకండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక బంద్, పులుల అభయారణ్యం గనక. గేటు తీసేదాక కారు ఆడనే ఆగుతది.

హాలియా_పెడల్

రోటర్లు ఇప్పుడే చూసిన. ముగ్గురివి వెనక 140, నాది 160. నా చక్రం విడిగ పెట్టుకుంట.